ఆల్జీబ్రా టైల్స్ సెట్టు సమీక్ష: ఆరు, ఏడు తరగతుల బీజీయ సమాసాలకు ఎంతవరకు పనికొస్తుంది?

ఆరో తరగతిలో బీజగణిత పరిచయం మొదలైనప్పటి నుంచి ఏడో తరగతిలో బీజీయ సమాసాలు ముగిసేవరకు పిల్లలు ప్రధానంగా నేర్చుకోవలసినవి రెండు పనులు. మాటల్లో చెప్పిన ఒక సందర్భాన్ని చరరాశితో, అంటే మారగల సంఖ్యకు బదులుగా నిలిచే అక్షరంతో, సమాసంగా రాయడం మొదటిది. ఆ చరరాశికి ఒక విలువ ఇచ్చినప్పుడు సమాసం విలువ కనుక్కోవడం రెండోది. ఈ రెండింటినీ చేత్తో పట్టుకుని నేర్చుకోవచ్చని చెబుతూ అమ్మే ఆల్జీబ్రా టైల్స్ సెట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ, పాఠశాలలకు బోధనోపకరణాలు అమ్మే దుకాణాల్లోనూ దొరుకుతున్నాయి. ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే ఉపాధ్యాయురాలిగా అలాంటి సెట్టు ఒకటి కొని తరగతిలో వాడాను. తయారీదారు ఎవరైనా ఈ సెట్ల రూపం దాదాపు ఒకటే కాబట్టి ఇక్కడ రాసినవాటిలో చాలా భాగం ఏ సెట్టుకైనా వర్తిస్తుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను: సమాసాలను సూక్ష్మీకరించడం, అంటే కలిసే పదాలను కలిపి చిన్న రూపంలో రాయడం, నేర్పడానికి ఇంతకంటే మంచి ఉపకరణం నేను చూడలేదు. అయితే నిత్యజీవితంలోని ఒక సందర్భాన్ని సమాసంగా మార్చడమనే అసలు కష్టమైన మెట్టు దగ్గర ఇది ఒంటరిగా చాలదు, జాగ్రత్త పడకపోతే తప్పుదారి కూడా పట్టిస్తుంది.

పెట్టెలో మూడు ఆకారాలు ఉంటాయి. చిన్న చదరపు బిళ్ల ఒకటి అనే సంఖ్యకు గుర్తు. అంతే వెడల్పుతో పొడవుగా ఉండే పట్టీ చరరాశికి గుర్తు. ఆ పట్టీ పొడవే భుజంగా ఉన్న పెద్ద చదరం చరరాశి వర్గానికి గుర్తు. నా సెట్టులో చిన్న బిళ్లలు పసుపు, పట్టీలు ఆకుపచ్చ, పెద్ద చదరాలు నీలం రంగులో ఉన్నాయి. మూడింటికీ వెనకవైపు ఎరుపు, అది ఋణ విలువను చూపుతుంది. ఈ రూపకల్పనలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం బయటికి కనిపించనిది: పట్టీ పొడవు చిన్న బిళ్ల భుజానికి పూర్ణాంక గుణిజం కాదు. పట్టీ పక్కన ఐదు బిళ్లలు పేరిస్తే చాలవు, ఆరు పేరిస్తే మించిపోతాయి. పిల్లలు పెట్టె తెరవగానే చేసే మొదటి పని ఈ కొలతే, ఎందుకంటే చరరాశి అంటే తమకు తెలియకుండా దాచిపెట్టిన ఏదో ఒక స్థిరమైన సంఖ్య అని వాళ్లు నమ్ముతారు. బిళ్లలు సరిపోకపోవడం చూశాక, ఆ పట్టీ ఏ ఒక్క సంఖ్యకూ కట్టుబడి లేదని ఒప్పుకుంటారు. చవక సెట్లు కొన్నింటిలో పట్టీ సరిగ్గా ఐదు బిళ్లల పొడవు ఉంటుంది. అలాంటివి కొనవద్దని గట్టిగా చెబుతాను.

నాణ్యత సంగతి క్లుప్తంగా. ఫోం బిళ్లలు చప్పుడు చేయవు కనుక నలభై మంది ఉన్న తరగతికి అనుకూలం, కానీ వాటి అంచులు త్వరగా నలుగుతాయి, ప్లాస్టిక్‌వి మన్నుతాయి. సెట్టుతో వచ్చే సూచనల పుస్తకం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది, అందులోని ఉదాహరణలు డాలర్లతో, పిజ్జాలతో నిండిపోయాయి. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లవాడు దాన్ని సొంతంగా చదువుకుని ఆడుకోగలడని ఆశించడం న్యాయం కాదు. మన దేశంలో అమ్మే వస్తువుకు మన పిల్లల లెక్కలు నాలుగైనా రాసి ఇవ్వడం తయారీదారుకు పెద్ద భారం కాదు.

ఇక సెట్టు బాగా పనిచేసే చోటికి వస్తే, సజాతి పదాల (ఒకే చరరాశి ఒకే ఘాతంతో ఉన్న పదాల) కూడిక దగ్గర దీని బలం వెంటనే తెలుస్తుంది. '3క + 2' అనే సమాసానికి '2క + 5' కలపమంటే నల్లబల్ల మీద '12క' అని రాసేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు, ఎందుకంటే కనిపించిన సంఖ్యలన్నీ కలిపి పక్కన అక్షరం పెట్టడం వాళ్లకు సహజంగా తోస్తుంది. అదే పిల్లలు మూడు పట్టీలు రెండు బిళ్లలు ఒకవైపు, రెండు పట్టీలు ఐదు బిళ్లలు మరోవైపు పెట్టి దగ్గరికి జరిపినప్పుడు, ఎవరూ చెప్పకుండానే పట్టీలను పట్టీలతో, బిళ్లలను బిళ్లలతో చేర్చి '5క + 7' అంటారు. ఒక ఆకుపచ్చ పట్టీ, ఒక ఎరుపు పట్టీ కలిస్తే శూన్యమవుతుందన్న సూత్రం కూడా ఇలాగే చేతికి అలవాటవుతుంది, తీసివేతలో గుర్తులు మారే నియమాన్ని బట్టీ పట్టే అవసరం చాలావరకు తప్పుతుంది.

వర్గానికి గుర్తైన పెద్ద చదరం ఎందుకన్నది ఆరో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి మంచి సందర్భం మన వాకిళ్లలోనే ఉంది. సంక్రాంతి నెలలో వేసే సందు చుక్కల ముగ్గును తీసుకోండి. 'ఏడు నుంచి నాలుగు వరకు, సందు చుక్క' అంటే మధ్య వరుసలో ఏడు చుక్కలు, దానికి ఇరువైపులా ఆరు, ఐదు, నాలుగు అని అర్థం. 'పదిహేను నుంచి ఎనిమిది వరకు' అన్నా పద్ధతి అదే. చివరి వరుసలోని చుక్కల సంఖ్య న అనుకుంటే మధ్య వరుసలో '2న − 1' చుక్కలు ఉంటాయి. న విలువ 4 అయితే 7, 8 అయితే 15 వస్తుంది కనుక, ఇంట్లో అమ్మమ్మ చెప్పే మాట ఒక సమాసమేనని పిల్లలు తామే సరిచూసుకోగలరు.

మొత్తం చుక్కలు ఎన్ని అన్న ప్రశ్న ఇంకా బాగుంటుంది. నడిమి చుక్కను ఒక్కదాన్ని పక్కన పెడితే, మిగిలిన ముగ్గు మూడు సమాన భాగాలుగా విడిపోతుంది, ఒక్కో భాగంలో న వరుసలు, వరుసకు 'న − 1' చుక్కలు ఉంటాయి. కాబట్టి మొత్తం '3న(న − 1) + 1'. ఇప్పుడు టైల్స్ తీయండి. 'న(న − 1)' అంటే ఒక నీలం చదరం, ఒక ఎరుపు పట్టీ; అలాంటి జతలు మూడు, ఆపై ఒక పసుపు బిళ్ల. బల్ల మీద '3న² − 3న + 1' కనిపిస్తుంది. న స్థానంలో 4 ప్రతిక్షేపిస్తే 48 నుంచి 12 తీసి 1 కలిపి 37 వస్తుంది. వరుసల వారీగా లెక్కపెట్టినా 7, రెండు ఆరులు, రెండు ఐదులు, రెండు నాలుగులు కలిపి 37 చుక్కలే. బ్రాకెట్ ఉన్న రూపం, విప్పిన రూపం, నేల మీది చుక్కలు మూడూ ఒకే సంఖ్యను ఇవ్వడం చూసిన పిల్లలకు 'సమానమైన సమాసాలు' అంటే ఏమిటో విడిగా వివరించవలసిన పని ఉండదు. ఈ ఒక్క పాఠం కోసమైనా సెట్టు కొన్నందుకు సంతోషించాను.

రంగులతో అవ్యక్త రాశులను, అంటే విలువ తెలియని రాశులను, గుర్తించడం మన గణిత సంప్రదాయానికి కొత్త కాదని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు మొదటి అవ్యక్త రాశిని యావత్తావత్ అని, తరువాతివాటిని కాలకం, నీలకం, పీతకం, లోహితకం అని రంగుల పేర్లతో పిలిచి, వాటి మొదటి అక్షరాలతోనే లెక్కలు రాశాడు. స్థిరరాశికి 'రూ' అని, ఋణ రాశికి పైన ఒక చుక్క అని సంకేతాలు వాడాడు. 'యా 3 రూ 5' అంటే మన '3క + 5'. ఈ విషయం చెప్పి, పిల్లలను నోటుపుస్తకాల్లో ఇంగ్లీషు అక్షరాలతో పాటు తమకు నచ్చిన తెలుగు అక్షరాన్నీ వాడనిస్తాను. అందుకే ఈ సమీక్షలోనూ అవే వాడుతున్నాను.

ఇప్పుడు సెట్టు పరిమితుల గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే పెట్టె మీద 'నిత్యజీవిత బీజగణితం' అని ప్రకటించుకున్న వస్తువును ఆ మాటను బట్టే తూచాలి. మొదటి చిక్కు, పట్టీ ఒక వస్తువు కావడం. బీజగణితంలో అక్షరం సంఖ్యకు బదులుగా నిలుస్తుంది, వస్తువుకు బదులుగా కాదు. మూడు మామిడిపండ్లు, రెండు బత్తాయిలు కొన్నారంటే '3మ + 2బ' అని రాయించి, మ అంటే మామిడి, బ అంటే బత్తాయి అని చెప్పడం మన తరగతుల్లో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఆ రోజుకు పాఠం సాఫీగా సాగుతుంది, కానీ మరుసటి వారం మ విలువ 20, బ విలువ 15 అయినప్పుడు సమాసం విలువ ఎంత అని అడిగితే మామిడిపండుకు విలువ 20 కావడమేమిటో పిల్లలకు అంతుపట్టదు. 'మ అంటే ఒక మామిడిపండు ధర, రూపాయల్లో' అని మొదటే రాయించి ఉంటే 60, 30 కలిపి 90 రూపాయలని ఎవరైనా చెప్పేవారు. సెట్టుతో వచ్చిన సూచనల పుస్తకం 'ఈ పట్టీ ఒక పిజ్జా' అంటూ సరిగ్గా ఆ పాత తప్పునే మళ్లీ నాటుతోంది. పట్టీలు చేతికిచ్చేముందు 'ఈ పట్టీ దేని సంఖ్య? ఏ ప్రమాణంలో?' అన్న వాక్యాన్ని ప్రతి లెక్కకూ రాయించడం నా తరగతిలో నియమం చేశాను, సెట్టు కొనేవారందరికీ అదే సూచిస్తాను.

రెండో చిక్కు ఇంకా లోతైనది. 'అన్నానికి బియ్యం ఎన్ని గ్లాసులైతే నీళ్లు దానికి రెండింతలు' అన్న వాక్యాన్ని సమీకరణంగా రాయమంటే, న నీళ్ల గ్లాసుల సంఖ్య, బ బియ్యం గ్లాసుల సంఖ్య అయినప్పుడు, చాలామంది 'బ = 2న' అని రాస్తారు. వాక్యంలో బియ్యం ముందు వచ్చింది, రెండింతలు అన్న మాట నీళ్ల పక్కన ఉంది, కనుక చేయి అదే వరుసలో రాస్తుంది. ఇది మన పిల్లల బలహీనత కాదు. విద్యార్థుల సంఖ్య అధ్యాపకుల సంఖ్యకు ఆరు రెట్లు అన్న వాక్యాన్ని సమీకరణంగా రాయమని అమెరికాలో జాన్ క్లెమెంట్, ఆయన సహచరులు మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ విద్యార్థులను అడిగితే, మూడో వంతుకు పైగా తప్పు రాశారని, ఆ తప్పుల్లో ఎక్కువ భాగం ఇలాగే తిరగేసి రాసినవేనని 1980ల తొలినాళ్లలో ప్రచురించారు. టైల్స్ ఈ తప్పును సరిచేయవు, పైగా బలపరుస్తాయి: ఒక బియ్యం పట్టీ పక్కన రెండు నీళ్ల పట్టీలు పేర్చిన పిల్లవాడికి 'బ = 2న' కళ్లెదుట ఉన్న నిజంలాగే కనిపిస్తుంది. ఇక్కడ పనికొచ్చేది పట్టీ కాదు, ప్రతిక్షేపణ. 'మూడు గ్లాసుల బియ్యానికి నీ సమీకరణం ఎన్ని నీళ్లు పోయమంటోంది?' అని అడగాలి. బ విలువ 3 అయితే 'బ = 2న' ప్రకారం గ్లాసున్నర నీళ్లే వస్తాయి. ఆ నీళ్లతో అన్నం ఉడకదని వంటింట్లో మసలిన ప్రతి పిల్లకూ తెలుసు; 'న = 2బ' అని దిద్దుకోవడం అప్పుడు వాళ్ల పనే అవుతుంది. విలువ కనుక్కోవడాన్ని పాఠం చివర చేసే అభ్యాసంగా కాక, రాసిన సమాసం సరైనదో కాదో పరీక్షించే సాధనంగా వాడాలని నేను గట్టిగా నమ్ముతాను, సూచనల పుస్తకంలో ఆ ఊసే లేదు.

ప్రతిక్షేపణ విషయంలో సెట్టుకు దక్కవలసిన మెప్పు కూడా ఉంది. క విలువ 5 అయితే 2క ఎంత అంటే 25 అని రాసే పిల్లలు ఉంటారు, అక్షరం ఉన్న చోట అంకె దించితే చాలనుకుంటారు. రెండు పట్టీలు తీసేసి, ఒక్కోదాని స్థానంలో ఐదేసి పసుపు బిళ్లలు పెట్టమంటే, బల్ల మీద పది బిళ్లలు ఉంటాయి, చర్చ అక్కడితో ముగుస్తుంది. ఋణ విలువలకు కూడా ఇదే పద్ధతి నడుస్తుంది.

మూడో చిక్కు, మన ఇళ్ల లెక్కల్లోని సంఖ్యలు పెట్టెలో పట్టకపోవడం. పాలబిల్లు చూడండి. 30 రోజుల నెలలో రోజుకు లీటరు చొప్పున, లీటరు 60 రూపాయలకు పాలు పోయించుకుంటూ, మ రోజులు వద్దని చెబితే బిల్లు '60(30 − మ)'. నాలుగు రోజులు వద్దంటే 60ని 26తో హెచ్చించి 1560 రూపాయలు. బ్రాకెట్ మరిచి '60 × 30 − మ' అని రాసినవాళ్లకు 1796 వస్తుంది, అంటే ఊరికి వెళ్లిన నాలుగు రోజులకు తగ్గింది నాలుగే రూపాయలు. బ్రాకెట్ విలువ తెలియజేయడానికి ఇంతకంటే మంచి లెక్క ఉండదు, కానీ అరవై వరుసల టైల్స్ ఏ సెట్టులోనూ ఉండవు.

సంఖ్యలను ముందుగా కుదిస్తే మాత్రం కొన్ని సందర్భాలు పెట్టెలోకి వస్తాయి. ఒక ఊళ్లో ఆటోకు మొదటి రెండు కిలోమీటర్లకు 50 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 20 రూపాయలు అనుకుందాం. మొత్తం దూరం క కిలోమీటర్లయితే చార్జీ '50 + 20(క − 2)'. చిన్న బిళ్ల ఒక్కోటి పది రూపాయలని ముందే ఒప్పుకుంటే, ఇది '5 + 2(క − 2)' అవుతుంది: ఐదు పసుపు బిళ్లలు, ఒక పట్టీ రెండు ఎరుపు బిళ్లలు కలిసిన గుంపులు రెండు. నాలుగు ఎరుపు బిళ్లలు నాలుగు పసుపు బిళ్లలతో రద్దై '2క + 1' మిగులుతుంది, అంటే రూపాయల్లో '20క + 10'. ఆరు కిలోమీటర్లకు మొదటి రూపంలో 50, 80 కలిపి 130; రెండో రూపంలో 120, 10 కలిపి 130. విభాగ న్యాయం, అంటే బ్రాకెట్ బయటి సంఖ్యతో లోపలి ప్రతి పదాన్నీ హెచ్చించడం, ఇంత చక్కగా కళ్లకు కట్టే లెక్క నాకు ఇంకొకటి దొరకలేదు.

కానీ ఇదే లెక్కలో టైల్స్ ఎన్నటికీ చెప్పలేని సంగతి ఒకటి ఉంది. ఒక్క కిలోమీటరే వెళ్లిన ప్రయాణికుడికి '20క + 10' ప్రకారం 30 రూపాయలు రావాలి, ఆటో అతను మాత్రం 50 అడుగుతాడు, అడగడం న్యాయమే. సమాసం తప్పు కాదు. అది రెండు కిలోమీటర్లు, అంతకు మించిన దూరాలకే వర్తిస్తుంది. ఏ విలువలకు సమాసం చెల్లుతుందన్నది నిత్యజీవిత లెక్కల్లో ప్రాణం లాంటి ప్రశ్న. పాలబిల్లులో మ 30 దాటకూడదు, టెంట్ హౌస్ నుంచి తెచ్చే కుర్చీల సంఖ్య భిన్నం కాకూడదు. వీటికి పట్టికలే దారి: క విలువలు 1 నుంచి 8 వరకు ఒక వరుసలో రాసి, కింద సమాసం విలువ, దాని కింద నిజంగా ఇచ్చే డబ్బు రాయిస్తే, మొదటి గడిలోని తేడా పిల్లల కంట పడుతుంది, కారణం వాళ్లే వెతుక్కుంటారు.

అందుకని నా తరగతిలో ఈ సెట్టు మొదటి రోజు పెట్టె నుంచి బయటికి రాదు. ముందు ఖాళీ అగ్గిపెట్టెలు, చింతగింజలు. ప్రతి అగ్గిపెట్టెలోనూ సమానంగా గింజలు వేసి మూస్తాను. బల్ల మీద రెండు పెట్టెలు, బయట మూడు గింజలు ఉంచి, మొత్తం గింజలు ఎన్నో రాయమంటాను. పెట్టెలో ఎన్ని ఉన్నాయో తెలియదు కనుక '2గ + 3' అనక తప్పదు, గ అంటే ఒక పెట్టెలోని గింజల సంఖ్య. పెట్టె తెరిచి ఏడు గింజలు చూశాక మొత్తం 17 అని చెబుతారు. మళ్లీ మూసి గింజల సంఖ్య మారిస్తే సమాసం మారదు, విలువ మారుతుంది. అక్షరం వెనక సంఖ్య ఉందన్న నమ్మకాన్ని పట్టీ కంటే అగ్గిపెట్టె బాగా కలిగిస్తుంది, ఖర్చు కూడా దాదాపు లేదు. ఈ పునాది పడ్డాక, పెట్టె స్థానంలో పట్టీ రావడం పిల్లలకు ఇబ్బంది అనిపించదు, అక్కడి నుంచి సూక్ష్మీకరణ అంతా టైల్స్‌తో వేగంగా సాగుతుంది.

ఎవరు కొనాలి అన్నదానికి వస్తే, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చెప్పే పాఠశాలలు నలుగురు పిల్లలకు ఒక సెట్టు చొప్పున తప్పక కొనవచ్చు, ఎనిమిదిలో కారణాంకాలకు కూడా అవే పనికొస్తాయి. ఇంట్లో ఒక్క బిడ్డ కోసమైతే కొనడం అవసరం లేదు, మందపాటి చార్టు కాగితంతో చేసుకోవచ్చు. చిన్న బిళ్ల 2 సెంటీమీటర్ల చదరం, పట్టీ 2 సెంటీమీటర్ల వెడల్పు, 11.3 సెంటీమీటర్ల పొడవు, పెద్ద చదరానికి అదే 11.3 భుజం, ఒకవైపు మూడు రంగులు, వెనక ఎరుపు కాగితం అంటించాలి. చిన్న బిళ్లలు ముప్పై, పట్టీలు పన్నెండు, పెద్ద చదరాలు నాలుగు ఉంటే పై లెక్కల్లో ముగ్గు, ఆటో రెండూ చేయవచ్చు. పట్టీ మీద పొడవు గానీ, ఏ అక్షరం గానీ రాయవద్దు; ఏ లెక్కకు ఆ లెక్కలో అది దేని సంఖ్యో పిల్లలే ఒక వాక్యంగా రాసుకుని పక్కన పెట్టుకోవాలి.